ఇరువదియొక్క యేండ్ల లెక్క: తోతారామ్ సనాఢ్యుని ఫిజీ గ్రంథముపై ఒక విమర్శ

పుట్టిన యూరు విడిచి పరదేశమున దశాబ్దములు గడపినవారు వెనుదిరిగి చూచి చెప్పు మాటలు సాధారణముగా రెండు తెఱగుల నుండును. కొందఱు తాము గడించినదానిని చెప్పుదురు. కొందఱు తాము పోగొట్టుకొన్నదానిని చెప్పుదురు. వర్తకుని చిట్టాలో జమ ఒక ప్రక్కను, ఖర్చు ఒక ప్రక్కను ఉండును. ఆ రెంటిని సరిచూచిన పిమ్మట గాని నిలువ తేలదు. జీవితపు లెక్కయు నట్టిదే. కాని రెండు పద్దులను సమానమైన నిజాయితీతో వ్రాసిన జ్ఞాపకగ్రంథములు మిక్కిలి యరుదు. అట్టి లెక్క వ్రాయబూనిన యొక గ్రంథమును, అందలి గొప్పతనమును, అందలి లోటును గూడ ఈ సంచిక పాఠకుల ముందుంచుట మా యుద్దేశము. ఆ గ్రంథము తెలుగున వ్రాయబడినది కాదు. దానిని చెప్పినవాడు తెలుగువాడు కాడు. ఐనను తరతరములుగా స్వభాషాప్రాంతమునకు వెలుపల కాపురములు చేయుచున్న మన కుటుంబములకు అది పరాయి గ్రంథము కాదని పాఠకులే యొప్పుకొందురని మా నమ్మకము.

తోతారామ్ సనాఢ్య 1876లో ఆగ్రా ప్రాంతమున, ఫిరోజాబాదునకు చేరువనున్న హిరన్‌గావ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి గతించెను, ఇల్లు అప్పులపాలయ్యెను, తల్లి పడు కష్టమును చూడజాలక బాలుడు పని వెదకికొనుచు ఇల్లు వెడలెను. 1893లో ప్రయాగలో కూలీల దళారి యొకడు ఆతనిని పలుకరించెను. ఉత్తరాదిని అట్టి దళారులను ఆర్కాటీలని పిలుతురు. దినమునకు పన్నెండణాల కూలి, సుఖమైన పని, కోరినప్పుడు తిరిగిరావచ్చునను మాటలు నమ్మి ఆ యువకుడు కలకత్తా డిపో చేరెను. అచటి నుండి ఓడయెక్కి ఫిజీ ద్వీపములలోని చెఱకుతోటలకు పోయెను. అచట ఐదేండ్లు కట్టుబాటు కూలీగా పనిచేసెను. కాగితముపై నున్న 'అగ్రిమెంటు' అను నాంగ్లపదము కూలీల నోట నలిగి 'గిర్మిట్' అయ్యెను. ఆ కాగితముపై వ్రేలిముద్ర వేసినవాడు 'గిర్మిటియా' అయ్యెను. గిర్మిట్ తీఱిన పిమ్మట తోతారామ్ సేద్యము చేసెను, చేతిపనులు నేర్చెను, పౌరోహిత్యము చేసెను, అచటి మూలవాసుల భాషను నేర్చెను, ప్రవాసభారతీయుల పక్షమున నిలిచి పనిచేసెను. 1914లో భార్యతో స్వదేశమునకు మరలివచ్చెను. ఆతడు చెప్పుచుండగా ఫిరోజాబాదు వాసియగు బనారసీదాస్ చతుర్వేది అక్షరరూపమిచ్చిన హిందీ గ్రంథమే 'ఫిజీ ద్వీప్ మే మేరే ఇక్కీస్ వర్ష్'. అనగా 'ఫిజీ ద్వీపమున నా యిరువదియొక్క సంవత్సరములు.' అది 1914లోనే వెలువడెను.

గ్రంథమును తూచుటకు ముందు అది యే కాలమున పుట్టినదో తలంచుకొనవలెను. 'లియోనిడాస్' అను ఓడ మొదటి కట్టుబాటు కూలీలను ఫిజీకి చేర్చినది 1879 మే 14వ తేదీన. 1916 వరకు సుమారు అఱువదివేలమంది భారతీయులు ఆ ద్వీపములకు కొనిపోబడిరి. మొదట ఓడలన్నియు కలకత్తా నుండియే పోయినవి. 1903 నుండి మదరాసు రేవు నుండియు పోజొచ్చినవి. ఆ విధముగా పోయిన దక్షిణాదివారు రమారమి పదునైదువేలమంది. వారిలో తమిళులతోపాటు తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు కలరు. తోతారామ్ గ్రంథము వెలువడునప్పటికి ఈ కూలీల యెగుమతి యింకను సాగుచునే యుండెను. అనగా ఆతడు వ్రాసినది తీఱిపోయిన కథ కాదు. ఆ దినముననే ఏదో రేవున ఓడయెక్కుచున్న వానికి ఇచ్చిన హెచ్చరిక. ఆ హెచ్చరిక వృథగా పోలేదు. హిందీ దేశమంతట ఆ గ్రంథము చదువబడెను. మరుసటి సంవత్సరమున సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యూ.డబ్ల్యూ. పియర్సన్ అనువారు ఫిజీకి పోయి స్వయముగా పరిశీలించిరి. 1917లో కూలీల చేర్పు ఆగెను. 1920 జనవరి 1వ తేదీతో మిగిలియున్న కట్టుబాట్లన్నియు రద్దయ్యెను. ఒక్క గ్రంథమే ఇంత పని చేసినదని యనుట అతిశయోక్తి. గాంధీగారు, గోఖలేగారు మున్నగువారి కృషి దాని వెనుక నున్నది. కాని ఆ యుద్యమమునకు బాధితుని సొంత నోటిమాట నిచ్చినవానిలో ఈ గ్రంథము మొదటి వరుసలోనిది.

ఇక దీని గుణములు. మొదటిది, నిరాడంబరమైన వివరణ. తోతారామ్ తన బాధను వర్ణించుటకు అలంకారములను వెదకడు. ఏ పనికి ఎంత కూలి, ఏ తప్పునకు ఎంత జరిమానా, వారపు బత్తెమెంత, లైనులోని గది యెంత, అందు ఎందఱిని కుక్కుదురు - ఇవి చెప్పును. పెండ్లియైనవారికి ఒక గది, కానివారు ముగ్గురికి కలిపి ఒక గది. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే పడక. పురుషునకు దినమునకొక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు అని కాగితమున నుండును. కాని దినమునకు విధించిన పనిముక్క పూర్తియైనగాని ఆ కూలి చేతికి రాదు. షిల్లింగనగా ఆ దినములలో పన్నెండణాలే. దళారి చెప్పినది అక్షరాల అబద్ధము కాదు. కాని ఆ పన్నెండణాలతో ఫిజీలో ఏమి కొనవచ్చునో ఆతడు చెప్పలేదు. మోసమెక్కడ నున్నదో ఇంతకంటె స్పష్టముగా చూపుట కష్టము. అంకెలను సరియైనచోట నుంచినచో అవి కన్నీటికంటె గట్టిగా మాటలాడును. ఈ మర్మము మన జ్ఞాపకరచయితలలో పెక్కుమందికి తెలియదు.

రెండవ గుణము, తన కథలో పరుల కథకు చోటిచ్చుట. ఆతడు చెప్పిన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కుంతి కథ. ఆమె గోరఖ్‌పూరు ప్రాంతమునుండి పోయిన, దళితకులమున బుట్టిన పేదరాలు. ఓవర్సీయరు దురుద్దేశముతో ఆమెను ఒంటరిగా దూరపు తోటలో పనికి నియమించెను. ఆతడు మీదికి రాగా ఆమె తప్పించుకొని పరుగెత్తి నదిలో దూకెను. చేరువ పడవలో నున్న యొక బాలుడు ఆమెను రక్షించెను. ఆమె వాఙ్మూలము 1913లో 'భారత్ మిత్ర' పత్రికలో వెలువడగా ఉత్తర హిందూస్థానమంతట అలజడి పుట్టెను. నారాయణి యను మఱియొక స్త్రీ ప్రసవించిన కొలది దినములకే పనికి రమ్మని పిలువబడి, రానందుకు దెబ్బలు తిని, తుదకు మతి తప్పినదని గ్రంథము చెప్పుచున్నది. తనకు దక్కిన గౌరవములను గూర్చి చెప్పుకొనుటకు మాఱుగా ఇట్టివారి పేర్లను లోకమునకు చేరవేసిన జ్ఞాపకగ్రంథము ధన్యము. కుంతికి చదువు లేదు, పత్రిక లేదు, సభ లేదు. ఈమె నూఱేండ్లకు పైబడి జ్ఞాపకమున నిలిచినదనిన, ఆ ఋణము ఈ పుస్తకమునకును, ఆ పత్రికకును చెందును.

కాని విమర్శకుడు ఇంతటితో నిలిచిన, అది విమర్శ కాదు, సన్మానపత్రము. ఈ గ్రంథమునకు గల లోటు దాని గుణమునుండియే పుట్టినది. ఇది అర్జీ. అర్జీ వ్రాయువాడు న్యాయాధికారిని ఎదుట నుంచుకొని వ్రాయును. ఆ యధికారి మెచ్చునవి మాత్రమే చెప్పును. చెప్పిన తన వాదమునకు భంగము కలుగునని తోచినవి విడుచును. తోతారామ్ ఎదుట నిలిచిన న్యాయాధికారి చదువుకొన్న హిందూసమాజము. ఆ సమాజము కరుగుటకు కావలసినవి నిర్దోషియగు బాధితుడును, మానభంగమునకు గుఱియైన స్త్రీయును, ధర్మమునకు కలిగిన హానియును. గ్రంథమున నివి సమృద్ధిగా నున్నవి. కాని కుంతి యేమి తలచినది, నదిలో దూకిన మరుసటి దినమున ఎట్లు బ్రదికినది, ఆమె కోరిన దేమి - వీని జాడ స్వల్పము. ఆమె బాధ ఆమెదిగా కాక జాతి పరువుగా మాఱిపోయినది. పరువు కొఱకు కన్నీరు కార్చినవారు ఆ స్త్రీలు తిరిగివచ్చినపుడు తమ వాకిట వారికి చోటిచ్చిరా యను ప్రశ్నను ఆ యర్జీ గట్టిగా అడుగలేదు.

మఱియొక లోటు. ఈ పుస్తకమున 'మేము' పెద్దది, 'నేను' చిన్నది. ఇరువదియొక్క సంవత్సరములు 'నా'వని పేరు పెట్టినను, పదునేడేండ్ల బాలుడు ముప్పదియెనిమిదేండ్ల పురుషుడుగా మాఱుటయే ఇందు కానరాదు. ఏనాడు ఆతనికి ఆ దేశపు వాన, ఆ దేశపు మట్టి అలవాటైనవి? ఏనాడు కలలలో సొంత పల్లెకు బదులు రేవా నదీతీరము కనబడజొచ్చెను? భార్య ఆ దేశముననే పెరిగినది గదా, ఆమెకు 'స్వదేశమునకు తిరుగు ప్రయాణము' అను మాటకు అర్థమేమి? ఈ ప్రశ్నలకు గ్రంథమున సమాధానము దొరకదు. వలసజీవితపు అసలు కథ ఈ ప్రశ్నలలోనే యున్నది.

ఆ సమాధానము ఆతనికి తెలియక కాదు. ఇది ఊహ గాదు, నిదర్శనము కలదు. తోతారామ్ చెప్పిన జ్ఞాపకములలో ఆ మొదటి గ్రంథమున చేరని భాగమొకటి యుండెను. దాని పేరు 'భూత్ లేన్ కీ కథ', అనగా దయ్యాల లైను కథ. చరిత్రకారుడు బ్రిజ్ లాల్ మున్నగువారి కృషి వలన 1990ల దశాబ్దమున అది పాఠకుల చేతికి వచ్చెను. నౌసోరీ తోటలో తనకు చూపిన లైను నిర్మానుష్యమైనది. అచట దయ్యములున్నవని తక్కినవారు చేరుటకే జంకుచుండిరి. వారమునకిచ్చిన బత్తెము వారమంతయు చాలలేదు. ఆకలి, ఒంటరితనము, చీకటి, తల్లి తలంపు. ఆ స్థితిలో ఆ యువకుడు ప్రాణము తీసికొన నిశ్చయించుకొనెను. అట్టి వేళ ఆ ద్వీపపు మూలవాసుల రాకయే ఆతనిని మృత్యువు నుండి మరలించెను; వారు పెట్టిన తిండియే ఆతనిని నిలిపెను. ఇది చదివిన పిదప మొదటి గ్రంథమున మనకు వినబడని గొంతు స్పష్టముగ వినబడును. ఇచట న్యాయాధికారి లేడు. తనతో తాను మాటలాడుకొను మానవుడొకడున్నాడు.

ఈ భాగమేల మొదట చేరలేదో నిశ్చయముగ చెప్పుట మా పని కాదు. కాని చేరకపోవుట వలన కలిగిన నష్టమును చెప్పుట విమర్శకుని పనియే. మొదటి గ్రంథమున ఫిజీ మూలవాసులు చాలవఱకు వింత ఆచారములు గల జనముగా వర్ణింపబడిరి. రెండవ దానిలో వారు అన్నము పెట్టి ప్రాణము నిలిపిన పొరుగువారు. వలసవాని ఋణము ఎవరికి చెల్లవలెనో ఈ రెండవ కథయే చెప్పుచున్నది. పరాయిదేశమున దశాబ్దములు బ్రదికినవాడు తనను బాధించినవారి పేర్లు మఱువడు, అది సహజము. కాని తనకు మొదటి పూట ముద్ద పెట్టినవారి పేర్లను మఱచిన లెక్క సరిపోదు. ఈ మాట ఫిజీకే కాదు, ఒడిశాలోని యూరికిని, కన్నడదేశములోని యూరికిని, తమిళదేశములోని యూరికిని సమానముగ వర్తించును.

ఇదే చెఱకుతోటను ఎదుటి ప్రక్కనుండి చూచిన గ్రంథమొకటి గలదు. వాల్టర్ గిల్ అను నాస్ట్రేలియా దేశస్థుడు గిర్మిట్ కడపటి సంవత్సరములలో ఫిజీలో ఓవర్సీయరుగా పనిచేసి, వృద్ధాప్యమున తన జ్ఞాపకములను వ్రాసెను. అది 1970లో వెలువడెను. అప్పటికి ఆ వ్యవస్థ నశించి అర్ధశతాబ్ది గడచెను. ఎవరి మెప్పును కోరనక్కరలేని దూరమది. అందుచేత ఆతడు తాను సేవించిన వ్యవస్థను నిర్మొగమాటముగా నిందింపగలిగెను. తోతారామ్‌కు ఆ దూరము లేదు. ఆతడు గాయము పచ్చిగా నుండగనే మాటలాడెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కల నుంచి చదివిన పాఠకునకు ఒక సత్యము తోచును: కాలము గడచిన కొలది మాటకు స్వేచ్ఛ పెరుగును, కాని వివరము తఱుగును. వెంటనే చెప్పినవాడు వివరము చెప్పును, మనసు దాచును. ఆలస్యముగ చెప్పినవాడు మనసు చెప్పును, వివరము మఱచును. కావున జ్ఞాపకమును రెండుసార్లు అడుగవలెను. ఒకసారి పచ్చిగా నున్నపుడు, మఱియొకసారి పండిన పిమ్మట.

ఇక మన వారి సంగతి. మదరాసు ఓడలలో పోయిన తెలుగువారి గొంతు తోతారామ్ గ్రంథమున విడిగా వినబడదు. అది ఆతని దోషము కాదు. వారు పోవునప్పటికే ఫిజీ తోటలలో హిందూస్థానీయే కూలీల వాడుకభాషయై యుండెను. ఓవర్సీయర్లును ఆ భాషలోనే ఆజ్ఞలిచ్చుచుండిరి. తెలుగువాడు అచట రెండు మార్లు పరదేశి యయ్యెను. తెల్లవాని యెదుట ఒకమారు, తోడి భారతీయుని యెదుట మఱియొకమారు. తక్కినవారు పనియైన పిదప కూడి పాడుకొను పాట ఆతనికి తెలియదు. ఆతని పాట తక్కినవారికి తెలియదు. 1926లో అచటి దక్షిణాదివారందఱికిని కలిపి ఒక సంగమేర్పడెను. అందును తమిళమునకే ప్రాధాన్యము హెచ్చినదను భావముతో 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి. చెఱకుతోటల మధ్యనుండి వచ్చినవారి సంతతి, సముద్రమున కావల, తమ భాషకు ఒక పలకయు ఒక బడియు కావలెనని సంఘము పెట్టుకొన్నది. ఈ సంగతి చదివినపుడు మాకు గర్వము కలిగెను. వెంటనే దుఃఖమును కలిగెను. ఏలయన ఆ పెద్దల మనుమలలో పెక్కుమంది ఇంట మాటలాడునది ఫిజీ హిందీ. బడి నిలిచినది, భాష చాలవఱకు వంటయింటి నుండి వెడలిపోయినది. ఆ వెడలిపోవుట ఏ యేట, ఏ యింట, ఏ తల్లి నోట మొదలయ్యెనో చెప్పు తెలుగు గ్రంథమేదియు మన సాహిత్యచరిత్రల కెక్కలేదు.

తిరిగివచ్చినవారి మాటయు చెప్పవలెను. ఓడ దిగి పల్లెకు పోయినవారిని కులము వెలివేసెను, బంధువులు తెచ్చిన డబ్బు తీసికొనిరి. 1920ల దశాబ్దమున ఫిజీ, గయానా మున్నగు చోట్లనుండి వచ్చినవారు వందలకొలది కలకత్తాలోని మటియాబుర్జ్ వాడలో చిక్కువడి, మరల మమ్ము ఆ ద్వీపములకే పంపుడని వేడుకొనిరి. తోతారామ్ మాత్రము కడపటి సంవత్సరములు సబర్మతి ఆశ్రమమున గడపెను. ఆతనికి ఆశ్రమమైనను దొరకెను. ఫిజీలో నిలిచిపోయినవారి సంతతికి గూడ నిలుకడ యట్టిట్టే. 1987 మే 14వ తేదీన, మొదటి ఓడ చేరి సరిగ్గ నూటయెనిమిదేండ్లకు, అచట సైనికచర్య జరిగి ఎన్నికైన ప్రభుత్వము కూలద్రోయబడెను. ఆ తరువాత వేలకొలది భారతీయసంతతివారు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడాలకు మరల వలసపోయిరి. ఎన్ని తరములు గడచిన ఒక నేల తన నేల యగునను ప్రశ్నకు ఇరువదియొక్క యేండ్ల లెక్కలో సమాధానము దొరకకపోవుటలో వింత లేదు.

పాఠకులారా, మన యిండ్లలో నిట్టి గ్రంథములు లేవా? ఉన్నవి, కాని వ్రాయబడలేదు. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి సీమల పెద్దలకు 'రంగం పోవుట' యనిన నేమో వివరింప నక్కరలేదు. రంగూను మన వాడుకలో రంగమయ్యెను. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ రేవుల నుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారు వేలు గాదు, లక్షలు. వారు రేవులలో బస్తాలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, అచటివారి నోట 'కొరంగీ'లను పేరు మోసిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మావారికిని నడుమ జరిగిన ఘోరమైన కొట్లాటలో ఎందఱో ప్రాణములు కోలుపోయిరి. 1942లో జపానుదాడి సమయమున లక్షలమంది భారతీయులు అడవులవెంట కాలినడకను వచ్చిరి. 1962 సైనికపాలన పిదప, ముఖ్యముగా 1964 మొదలు, మిగిలినవారును చేతి మూటలతో ఓడలెక్కిరి. విశాఖపట్టణమునందలి బర్మాక్యాంపు అను పేరు ఆ రాకకు నేటికిని సాక్షి. ఇంత పెద్ద కథకు మనకొక తోతారామ్ లేడు. వీరేశలింగము పంతులుగారు స్వీయచరిత్రము వ్రాసి చూపిన భాషయే మనది. ప్రకాశము పంతులుగారు తమ జీవితయాత్రను చెప్పిన భాషయే మనది. వ్రాయుటకు మార్గము లేక కాదు. రంగమునుండి వచ్చినవానిని ఒక చతుర్వేది కూర్చుండబెట్టి అడుగలేదు, అంతియే.

మేమును అడుగలేదు. మా బంధువర్గమున ఒక వృద్ధురాలుండెను. ఆమె యెనిమిదేండ్ల పిల్లగా 1942లో తల్లిదండ్రులతో ఆ యడవిదారిని నడచివచ్చినది. పండుగలకు కలిసినపుడు ఆమె రంగములోని యింట విడిచివచ్చిన ఇత్తడి గంగాళమును గూర్చి చెప్పెడిది. దాని అంచు, దాని మోత, అందులో పట్టు నీరు, అన్నియు చెప్పెడిది. మేమందఱము నవ్వి, ఇన్నేండ్లకును అత్తకు గంగాళముపై మమకారము తీఱలేదని పరిహాసమాడెడివారము. దారిలో ఆమె తమ్ముడు చనిపోయెనని, ఆతనిని ఎక్కడ విడిచిరో ఆమె తల్లి తుదివఱకు చెప్పలేదని ఆమె పోయిన పిదప మఱియొకరు చెప్పగా విన్నాము. గంగాళము మాట యెత్తిన ప్రతిసారియు ఆమె తమ్ముని మాట యెత్తబోయి ఆగినదేమో! ఒక్క ప్రశ్న యడిగియున్న తెలిసెడిది. కొన్నేండ్ల క్రిందట ఆమె కాలధర్మము నొందెను. ఆ లెక్క ఇక తేలదు.

ఇందుచేతనే మన సంచికలలో వెలువడు జ్ఞాపకవ్యాసములను గూర్చి ఒక కఠినమైన మాట యనక తప్పదు. మేమును అట్టివి వ్రాసినవారమే గనుక ఈ నింద మొదట మాకే చెందును. వానిలో తాతగారు చెంబు, బొంత తీసికొని వచ్చెను, అంగడి పెట్టెను, రామమందిరము కట్టించెను, కుమారులు ఇంజనీర్లైరి, మనుమలు విదేశములకు పోయిరి. జమపద్దు నిండుగా నుండును. ఖర్చుపద్దు తెల్లగా నుండును. తాతగారికి తొలినాళ్లలో అరువిచ్చిన కన్నడ వర్తకుడెవరు? ఇల్లు అద్దెకిచ్చిన ఒడియా గృహిణి యెవరు? ఏ సంవత్సరమున ఇంటిలో పిల్లలు తల్లికి వేఱొక భాషలో బదులు చెప్పజొచ్చిరి? ఆనాడు ఆ తల్లి యేమనెను? చిన్న కోడలు ఊరికి పోవలెనని యేడ్చిన రాత్రి యెవరైన విన్నారా? ఇవి వ్రాయుట పరువుతక్కువ యని మన తలంపు. తోతారామ్ గ్రంథము నుండి నేర్వవలసినది సరిగా దీనికి విరుద్ధము. ఆతడు అర్జీ వ్రాసి దేశమును కదలించెను. కాని దయ్యాల లైనులోని యా రాత్రిని చెప్పిన పిమ్మటనే మన పొరుగువాడయ్యెను.

ఫిజీలో గిర్మిట్ శతాబ్ది వచ్చిన 1979లో అహ్మద్ అలీ యను చరిత్రకారుడు అప్పటికి బ్రదికియున్న వృద్ధ గిర్మిటియాల నోటిమాటలను సేకరించి ప్రకటించెను. అప్పటికే వారు పండుటాకులు; పెక్కుమంది రాలిపోయిరి. అట్టి పని మనకును సాధ్యమే. దీనికి పాండిత్యమక్కరలేదు, ధనమక్కరలేదు. ఒక మధ్యాహ్నము, ఒక ప్రశ్న, విని వ్రాసికొను ఓపిక చాలును. పెద్దలు చెప్పినది చెప్పినట్లు, వారి మాటతీరులోనే, కలిసిపోయిన పరభాషాపదములతో సహా వ్రాయవలెను. ఆ పదములను దిద్దరాదు. వానిలోనే వలస చరిత్ర యున్నది. ఒడియా మాట ఎక్కడ జొచ్చినదో, తమిళపు మాట ఎక్కడ నిలిచినదో, మరాఠీ సామెత ఎక్కడ మన సామెతకు బదులు వచ్చినదో, అదియే ఖర్చుపద్దు, అదియే జమపద్దు కూడ.

తోతారామ్ సనాఢ్యుని గ్రంథము సంపూర్ణము కాదు. అది తన కాలమునకు కావలసిన సగమును చెప్పి, తక్కిన సగమును దాచిన గ్రంథము. ఐనను ఆ సగము వలన అఱువదివేలమంది మూగబాధకు నోరు వచ్చినది. దాచిన సగము కాలక్రమమున దొరకినది, ఏలయన ఆతడు దానిని గూడ ఎక్కడనో కాగితముపై నుంచెను. మన పెద్దలలో అట్లు కాగితముపై నుంచినవారు తక్కువ. మన యిండ్లలో ఇప్పటికిని ఎనుబది, తొంబది యేండ్ల పెద్దలు కొందఱున్నారు. వచ్చు సంచికకు వ్యాసము వ్రాయదలచినవారు తమ పేరు క్రింద తమ విజయములను వ్రాయుటకు ముందు, వారి ప్రక్కన కూర్చుండి ఒక మాట యడిగి చూడవలెనని మా ప్రార్థన.